ఏడాదంతా ఇంట్లో ఉన్న చదవని పుస్తకాలే చదివాను, మిగిలినవి ఏం చేయమంటారు?

మెట్టుగూడ పాఠకురాలు

పోయిన సంక్రాంతికి ఒక నియమం పెట్టుకున్నాను. కొత్త పుస్తకం కొనకూడదు, ఇంట్లో ఏళ్ల తరబడి చదవకుండా ఉండిపోయినవే చదవాలి. ఏడాది కావస్తోంది, డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్‌ఫెయిర్ కూడా వచ్చేస్తుంది, ఆలోపు మీలో ఇలాంటి పని చేసినవాళ్లని కొన్ని విషయాలు అడగాలనుంది. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా అరల్లో ఉన్నవాటిలో సగం కాలేజీ రోజుల్లో ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నవి. ఉద్యోగం వచ్చాక బుక్‌ఫెయిర్ల నుంచి సంచులు నింపుకుని తెచ్చుకున్నవి కొన్ని. ఇవి కాక మామగారు పోయాక ఊళ్లో ఇల్లు ఖాళీ చేసినప్పుడు వచ్చిన పెట్టెలు.

మొదట తీసింది వనవాసి. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీలో రాసిన ఆరణ్యక్‌కి సూరంపూడి సీతారాం గారి అనువాదం. కాలేజీలో ఉండగా కొన్ని పేజీలు చదివి, ఇందులో కథేదీ నడవట్లేదే అని పక్కన పెట్టేశాను. ఇప్పుడు రెండుసార్లు చదివాను. కలకత్తాలో ఉద్యోగం దొరక్క తిరుగుతున్న సత్యచరణ్ బీహార్ అడవుల్లో ఒక ఎస్టేట్‌కి మేనేజరుగా వెళ్తాడు. అతని పనేమిటంటే ఆ అడవిని ముక్కలు చేసి రైతులకు ఇవ్వడం. అడవి మీద ప్రేమ పెరుగుతూ ఉంటుంది, పట్టాల మీద సంతకాలూ అవుతూనే ఉంటాయి. నేను పనిచేసేది లేఅవుట్ల డాక్యుమెంట్లు చూసే ఆఫీసులో. ఎకరాల్లో ఉన్న పొలం గజాల్లోకి మారడం రోజూ నా బల్ల మీదే జరుగుతుంది. పంతొమ్మిదేళ్లప్పుడు ఈ నవల నాకేం చెబుతుంది? అందులో యుగళ ప్రసాద్ అని ఒకడున్నాడు, ఎక్కడెక్కడి నుంచో పూల తీగలూ విత్తనాలూ తెచ్చి సరస్వతీ కుండం గట్టున నాటుతుంటాడు. ఆ నేల అతనిది కాదు, పైసా రాదు, నాటమని చెప్పినవాళ్లూ లేరు. అతని గురించి చదివిన రోజు ఆఫీసులో ఒక చెరువు పక్క సర్వే నంబరు కాయితం చేతికొస్తే మామూలుగా చూసే చూపు చూడలేకపోయాను. మేనేజరు దగ్గర వరి అన్నం దొరుకుతుందని విని, పిలవకపోయినా అంతంత దూరం నుంచి జనం నడిచి వచ్చే చోటయితే పుస్తకం మూసేసి కాసేపు లేచి తిరిగాను.

తర్వాత ఎండాకాలమంతా వేయిపడగలు. దాదాపు వెయ్యి పేజీలు. ధర్మారావు చెప్పే మాటల్లో చాలావాటితో నాకు పేచీ ఉంది, ముఖ్యంగా కులధర్మాల గురించీ కొత్త చదువుల గురించీ. కొన్ని అధ్యాయాల్లో ఉపన్యాసం ఎంతకీ అయిపోదు. అయినా పసిరిక కనిపించే పేజీలు మళ్లీ మళ్లీ చదివాను. పైరుల్లో, పాముల మధ్య తిరిగే ఆ పిల్లవాడిలాంటి పాత్ర నేను మరెక్కడా చూడలేదు. ఒప్పుకోలేని పుస్తకాన్ని చివరిదాకా చదవగలనని నాకు ఈ ఏడాదే తెలిసింది, ఇది నాకు చాలా పెద్ద విషయం.

కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు ఒక్క రాత్రిలో అయిపోయింది. తప్పిపోయిన సూడిపంది కోసం ముసలివాడు అడవిలోకి వెళ్తాడు, అంతే కథ. ఇంత చిన్న పుస్తకం ఇన్నేళ్లు ఎందుకు ఆగిందో అర్థం కాలేదు.

అలాగే తీసి, కాస్త చదివి, నాకు అక్కర్లేదని తేల్చుకున్నవీ చాలా ఉన్నాయి. పోటీ పరీక్షల గైడ్లు, వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు, ఎవరో బాగుందంటే కొన్న సీరియల్ నవలలు. అవి కొన్నప్పటి అవసరం ఎప్పుడో తీరిపోయింది.

ఇక ప్రశ్న. ఏడాదంతా చదివినా సగానికి పైగా అలాగే ఉన్నాయి. మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్, పిల్లలకు చదువుకునే బల్ల వేయాలంటే ఒక రాక్ ఖాళీ చేయక తప్పదు. ఏవి ఉంచుకోవాలి, ఏవి ఇచ్చేయాలి? ఇస్తే ఎవరికి? ఈసారి బుక్‌ఫెయిర్‌కి వెళ్లొచ్చంటారా, ఇంకో ఏడాది ఇలాగే కొనసాగించమంటారా?

బెజవాడ చదువరి

అమ్మా, ఇచ్చే ముందు ఒక్కో పుస్తకం తెరిచి లోపలి పేజీ చూడండి. ప్రచురణ వివరాలున్న చోట ప్రథమ ముద్రణ ఏ సంవత్సరమో, దాని కిందే ప్రతులు ఎన్నో వేసి ఉంటాయి. మన పుస్తకాల్లో చాలావాటికి ప్రతులు 1000 అని ఉంటుంది, ఈ మధ్యవైతే 500 కూడా చూస్తున్నాం. రెండో ముద్రణ రాకపోతే లోకంలో ఉన్నవి ఆ వెయ్యే. అందులో చెదలు తిన్నవి పోగా, వరదల్లో తడిసినవి పోగా, చిత్తు కాయితాల కొట్టుకు వెళ్లినవి పోగా మిగిలేది ఎన్ని? అందుకే మనకి "కావాలంటే మళ్లీ కొనుక్కోవచ్చులే" అనే ధీమా పనికిరాదు. చదవబోయే రోజునే కొనుక్కోవాలనే సలహా నేను ఎవరికీ ఇవ్వను. కనబడ్డ రోజునే తీసుకోవాలి, చదవడం దాని వేళకి అవుతుంది.

సోవియట్ పుస్తకాల సంగతే చూడండి. మాస్కోలో ప్రగతి, రాదుగ వాళ్లు తెలుగులో అచ్చేసి పంపితే విశాలాంధ్ర వాళ్లు చాలా తక్కువ ధరకు అమ్మేవారు. మంచి కాయితం, గట్టి అట్ట, పిల్లల పుస్తకాలకైతే రంగుల బొమ్మలు. 1991 తర్వాత ఆ ముద్రణలు లేవు. అప్పట్లో పిల్లలు చింపుతున్నా ఎవరూ పట్టించుకోని ఆ పుస్తకాల కోసం ఇవాళ జనం ఊళ్లు తిరుగుతున్నారు.

వాటిని అనువదించిన వారిలో ఉప్పల లక్ష్మణరావు గారు ఒకరు. వృక్షశాస్త్రం చదివిన మనిషి, మాస్కో వెళ్లి అనువాదకుడిగా పనిచేశారు. ఆయన నవల అతడు-ఆమె మా ఇంట్లో ఎన్నేళ్లుగానో ఉంటే మీలాగే ఈమధ్యే తీశాను. నవలంతా భార్యాభర్తల డైరీలు. ఒకే సంగతి ఆయన ఒకలా రాసుకుంటాడు, ఆమె ఇంకోలా రాసుకుంటుంది, మధ్యలో స్వాతంత్ర్యోద్యమం నడుస్తుంటుంది. చదువుతుండగా ఒకచోట వాక్యం తెగిపోయింది. చూస్తే బైండింగులో ఒక ఫారం లేదు, పదహారు పేజీలు పోయాయి, దాని బదులు ముందు ఫారమే రెండోసారి కుట్టారు. ఇంకో ప్రతి ఉన్న మిత్రుడి దగ్గరికి వెళ్లి ఆ పదహారు పేజీలు జిరాక్స్ తీసి అంటించుకున్నాను. అతని దగ్గర కూడా లేకపోయుంటే ఏం చేసేవాడిని? మీ దగ్గరున్నవాటిలో కూడా ఫారాలు సరిగ్గా ఉన్నాయో లేదో పేజీ నంబర్లు తిప్పి చూసుకోండి.

నేను పాటించే పద్ధతి చెప్తాను. ఇవ్వాలనుకున్న పుస్తకం పేరు రాసుకుని ఏలూరు రోడ్డులో రెండు మూడు షాపుల్లో అడుగుతాను. దొరుకుతుందంటే నిశ్చింతగా ఇచ్చేస్తాను. వేయిపడగలు, మాలపల్లి, కన్యాశుల్కం ఎప్పుడైనా దొరుకుతాయి, వాటికి మీ అర అక్కర్లేదు. లేదన్నవి మాత్రం నాకు ఇష్టం లేకపోయినా ఉంచుతాను, లేదా దాన్ని చదివి జాగ్రత్త చేస్తాడని నమ్మకమున్న మనిషికే ఇస్తాను.

వేయిపడగలు చదివారు కాబట్టి ఇంకొక్క మాట. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీలో దానికీ, అడవి బాపిరాజు గారి నారాయణరావుకీ కలిపి బహుమతి ఇచ్చారు. రెండింట్లోనూ జమీందారీలే, చూసే చూపు మాత్రం ఒకటి కాదు. మొదటిది మనసులో ఉండగానే రెండోది చదవండి.

గ్రూప్స్ అభ్యర్థి

బెజవాడ చదువరి గారు చెప్పిన లెక్క నాకు అర్థమైంది కానీ ఒప్పుకోలేకపోతున్నాను సార్. ఉన్నవి వెయ్యి ప్రతులే అయితే అవి తలుపులేసిన బీరువాల్లో ఉండటం ఇంకా అన్యాయం కదా. నేను చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి రోజూ వెళ్తాను. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నాలాగే సొంత మెటీరియల్ పట్టుకుని సీటు కోసం పొద్దున్నే వచ్చేవాళ్లు. కథలూ నవలలూ కొనుక్కునే డబ్బు మా దగ్గర ఉండదు, రూము అద్దెకీ మెస్సుకే సరిపోదు. ఎవరి ఇంట్లోనో చదవకుండా ఉన్న పుస్తకం మాలాంటి వాళ్లకు ఎంత అవసరమో మీరు ఊహించలేరు.

తెలంగాణ ఉద్యమ చరిత్ర సిలబస్ కోసం చదువుతూ వట్టికోట ఆళ్వారుస్వామి గురించి నాలుగు బిట్లు బట్టీ పట్టాను. నవల పేరు ప్రజల మనిషి, సంస్థ పేరు దేశోద్ధారక గ్రంథమాల, అంతవరకే. ఆ తర్వాత ఒక సీనియర్ తన పుస్తకం ఇస్తే నవల చదివాను. నిజాం కాలంలో ఒక పల్లెటూరు, దొర పెత్తనం, వెట్టి, అందులోంచి కంఠీరవం ఎదిగి రావడం. బిట్టుగా చదివినప్పుడు ఇదేదీ నాకు తెలియలేదు. ఆ రాసినాయన స్వయంగా పుస్తకాలు వేసి ఊరూరా తిరిగి అమ్మాడు, గ్రంథాలయాల కోసం పనిచేశాడు. జనం చేతికి పుస్తకం అందాలని అంత తిరిగిన మనిషి రాసినది అరలో దాచడం నాకు నచ్చదు.

మేడమ్, మీరు ఇవ్వాలనుకుంటే దయచేసి చదివేవాళ్లకే ఇవ్వండి. గైడ్లు కూడా పారేయకండి, పాత ఎడిషన్ అయినా హిస్టరీ, జాగ్రఫీ పనికొస్తాయి. కరెంట్ అఫైర్స్‌వి మాత్రం ఎవరికీ వద్దు.

డాలస్ నుంచి

ఇచ్చేయడం గురించి నేనేం చెప్పలేను, ఇక్కడ తెలుగు పుస్తకం ఇద్దామన్నా తీసుకునేవాళ్లు తక్కువ. చదవడం గురించి ఒకటి చెప్తాను, బహుశా మీ మిగిలిన సగానికి పనికొస్తుంది.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు పచ్చళ్ల బరువు తగ్గించుకుని మరీ తెచ్చుకున్న పుస్తకం కాశీయాత్ర చరిత్ర. తెచ్చాక చాలాకాలం ముట్టుకోలేదు. పాత వచనం, పెద్ద పెద్ద వాక్యాలు, కూర్చుని చదువుదామంటే నాలుగు పేజీలకే అలసట వచ్చేది. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న దాదాపు వందమందితో మద్రాసు నుంచి బయలుదేరి, కడప, హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, తీరం వెంబడి దిగి 1831 సెప్టెంబర్ 3న మళ్లీ ఇంటికి వచ్చాడు. దారిలో ఏ రోజు సంగతులు ఆ రోజు రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి పంపేవాడు. ఆయన పోయాక 1838లో ఆ స్నేహితుడే అచ్చు వేయించాడు.

నిరుడు మే 18న నాకొక ఆలోచన వచ్చింది, ఆయన ఏ తేదీన రాసింది ఆ తేదీనే చదువుదామని. ఒక్కోరోజు ఒకటి రెండు పేరాలే ఉంటాయి. ఏ ఊళ్లో దిగారు, అంగళ్లున్నాయా, మంచినీళ్లు ఎలా ఉన్నాయి, ముందు దారి రాళ్లదా అడుసుదా, ఏరు ఎలా దాటారు, తర్వాత వెళ్లేవాళ్లకి పనికొస్తుందని అన్నీ రాస్తాడు. ఉద్యోగానికి వెళ్లే ముందు కాఫీ తాగుతూ ఆ పేరా చదివేవాణ్ణి. ఆయన వానల్లో ఆగితే నేనూ ఆగాను. హైదరాబాద్ వచ్చిన రోజుల్లో మాత్రం ఆత్రుత ఆపుకోలేక ముందుకు చదివేశాను, మా అమ్మావాళ్లుండేది అక్కడే కాబట్టి. ఈ సెప్టెంబర్ 3న పూర్తయింది. ఇంత నెమ్మదిగా మరే పుస్తకమూ చదవలేదు, ఇంత గుర్తుండిపోయింది కూడా ఇంకోటి లేదు. మా ఆవిడ వారానికోసారి "ఎక్కడిదాకా వచ్చాడు మీ అయ్యవారు?" అని అడిగేది.

అందుకని నా సలహా ఏమిటంటే, ఏడాదిలో ఎన్ని అయ్యాయని చూసుకోకండి. కొన్ని పుస్తకాలు అరలో ఉండిపోయేది మనకి ఇష్టం లేక కాదు, వాటిని వారంలో పూర్తిచేయాలని కూర్చోవడం వల్ల. డైరీలు, ఉత్తరాలు, స్వీయచరిత్రలు ఉంటే ఇలా విడదీసి చదివి చూడండి.

గ్రంథాలయంలో పనిచేసినవాడిని

జిల్లా గ్రంథాలయ సంస్థలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. ఎవరికి ఇవ్వాలని అడిగారు కాబట్టి ఉన్న సంగతి చెప్తాను.

గోనెసంచుల్లో నింపి గ్రంథాలయం గుమ్మంలో దింపి వెళ్లేవాళ్లు చాలామంది. వాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ ఆ సంచులు విప్పి, పనికొచ్చేవి ఏరి, రిజిస్టర్‌లో ఎక్కించి, నంబరు వేసి, ముద్ర కొట్టి అరలోకి చేర్చడానికి మనిషి కావాలి. శాఖా గ్రంథాలయంలో ఉండేది చాలాచోట్ల ఒక్కడే. అతనే తాళం తీయాలి, పేపర్లు పరచాలి, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవాలి. అందుకని ముందు ఒక జాబితా రాసుకోండి, పుస్తకం పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం. అది పట్టుకుని మీ దగ్గరి శాఖకు వెళ్లి వీటిలో ఏవి కావాలని అడగండి. వాళ్లు టిక్కు పెట్టినవే ఇవ్వండి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది, ఆ గ్రంథాలయం మీదే, మొహమాటపడకుండా అడగొచ్చు.

మామగారి పెట్టెలు అన్నారు. వాటిని విడిగా చూడాలి. 1950 కంటే ముందువి ఏవైనా ఉంటే, పాత పత్రికల బైండ్లు ఉంటే మామూలు శాఖకు ఇవ్వకండి, అక్కడ వాటిని కాపాడే ఏర్పాటు ఉండదు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది, గాంధీ గారు 1929లో దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ అక్కడికే వెళ్తారు. హైదరాబాద్‌లోనే ఇవ్వాలంటే 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. ముందు ఉత్తరం రాసి లేదా ఫోన్ చేసి, ఆ సంచికలు వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్నాయేమో కనుక్కోండి.

ఉంచుకునేవాటికి రెండు జాగ్రత్తలు. రాక్‌ని గోడకి ఆనించి పెట్టకండి, జానెడు ఖాళీ వదలండి, వానాకాలం గోడ చెమ్మ పుస్తకాలకి పట్టేది అక్కడి నుంచే. చిరిగిన పేజీకి ప్లాస్టిక్ టేపు మాత్రం వేయకండి. కొన్నేళ్లకి జిగురు పసుపు మరకై కాయితంలోకి దిగుతుంది, టేపు ఊడుతుంది, అక్షరాలు దాంతోపాటే వస్తాయి. పల్చటి కాయితం ముక్క, మైదా జిగురు చాలు. పాత పుస్తకాల్లో తుప్పు పట్టిన పిన్నులుంటే నెమ్మదిగా తీసి దారంతో కుట్టించండి. నెలకోసారి తీసి నీడపట్టున గాలి తగిలేలా ఉంచండి. అసలు చదువుతూ ఉంటే ఈ పని దానంతటదే అవుతుంది, చేతిలో తిరిగే పుస్తకానికి పురుగు పట్టడం తక్కువ.

మెట్టుగూడ పాఠకురాలు

అందరికీ చాలా థాంక్స్ అండీ. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని లోపలి పేజీలు తిప్పాం. బెజవాడ చదువరి గారు చెప్పినట్టే చాలావాటిలో ప్రతులు 1000 అనే ఉంది, నేనెప్పుడూ అది చూడలేదు. దుకాణాల్లో దొరికేవి విడిగా పెట్టేశాం, వేయిపడగలు కూడా అందులోకే వెళ్లింది. వనవాసి దొరుకుతుందని తెలుసు, కానీ నాది నా దగ్గరే ఉంటుంది, పేజీల పక్కన చాలా రాసుకున్నాను.

గ్రూప్స్ అభ్యర్థి గారూ, మీ మాట నన్ను బాగా ఆలోచింపజేసింది. దొరకని పుస్తకాలు దాచాలన్నదీ నిజమే, చదివేవాళ్లకు అందాలన్నదీ నిజమే అనిపిస్తోంది. అందుకని వాటిని ఇచ్చేయకుండా చదవడానికి ఇద్దామనుకుంటున్నాను, ఒక నోట్‌బుక్‌లో పేరూ తేదీ రాసుకుని. మా అపార్ట్‌మెంట్‌లోనూ ఆఫీసులోనూ ముందు మొదలుపెడతాను. గైడ్లు మీకు కావాల్సినవి చెప్పండి, చిక్కడపల్లి నాకు దూరమేం కాదు, తెచ్చిస్తాను.

బుక్‌ఫెయిర్‌కి వెళ్తున్నాను. మళ్లీ ముద్రణ వస్తుందో రాదో అనుకున్న చిన్న ప్రచురణల స్టాళ్ల దగ్గరే కొంటాను, ఎప్పుడైనా దొరికేవి వదిలేస్తాను. నారాయణరావు మా పెట్టెలోనే ఉంది, ఈ వారమే మొదలుపెడతాను. మామగారు రాసుకున్న డైరీ ఒకటి కూడా బయటపడింది, డాలస్ నుంచి రాసిన వారు చెప్పిన పద్ధతిలో తేదీల ప్రకారం చదువుదామని మావారు అంటున్నారు.

రిటైరైన సార్‌కి ఒక ప్రశ్న. రెండో పెట్టె అడుగున భారతి మాసపత్రిక సంచికలు కొన్ని ఉన్నాయి, అట్టలు లేవు, కొన్నింటికి మొదటి పేజీలు కూడా పోయాయి. ఏ సంవత్సరానివో లోపలి పేజీల్ని బట్టి కనుక్కునే మార్గం ఏమైనా ఉందా? వేటపాలెం వాళ్లకు ఉత్తరం రాసేలోపు అది తేల్చుకోవాలి.